కారు ఆగిన నేరం

మా భీమునికొండలో ఉన్నట్టుండి పాతవాటికి మర్యాద పెరిగింది. ముందు పాత తపాలా పెట్టెకు ఎర్రరంగు వేసి చుట్టూ గొలుసు కట్టారు. తర్వాత మున్సిపల్ ఆఫీసు వెనక తుప్పుపట్టి పడివున్న రోడ్డు రోలరుకు రేకుల పందిరి వేసి బోర్డు తగిలించారు. పాత వీధికుళాయి దగ్గర "తాకరాదు" అని రాశారు. దానికి నీళ్లు రావడం మానేసి పదేళ్లయింది కాబట్టి ఎవరికీ ఇబ్బంది కలగలేదు. నాకు డెబ్బై రెండేళ్లు. హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్లు డ్రాయింగు మాస్టారుగా పనిచేశాను. నాకు మాత్రం ఎవరూ పందిరి వెయ్యలేదు.

నా కారు మీద పడ్డారు.

అది 1956 మోడలు. హార్బరు ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన డాక్టరు దగ్గర నేను దాన్ని కొని నలభై ఏళ్లు దాటింది. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. పోయినవాళ్లను వీధిలోకి లాగడం ఎందుకని పేరు చెప్పడం లేదు. మా ఆవిడ విశాలాక్షి దాన్ని "పెద్దాయన" అంటుంది. ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. ఆటోలో కుదుపుకి ఏడుస్తుంది, బస్సు మెట్టు ఎక్కలేదు. పెద్దాయన వెనక సీట్లో అయితే కాళ్లు చాపుకుని, గురువారం ఆసుపత్రికీ ఆదివారం చెల్లెలి ఇంటికీ హాయిగా వెళ్లివస్తుంది. ఆవిడకు బయటి ప్రపంచం అంటే ఆ కారే.

మా ఇల్లు లైట్‌హౌస్ రోడ్డుకి పైకొసన ఉంది. అక్కడినుంచి రోడ్డు నిట్టనిలువుగా దిగి, రెండు మలుపులు తిరిగి, చేపల రేవు దగ్గర ఒక రాతిగోడతో ఆగుతుంది. గోడ అవతల సముద్రం. మా వీధిలో కారున్నవాడికి ఇంజను లేకపోయినా గడుస్తుంది, బ్రేకు లేకపోతే గడవదు.

కిందటి మాఘమాసంలో ఒకరోజు బ్రేకు తొక్కితే కాలు మెత్తగా కిందిదాకా వెళ్లిపోయింది. అదృష్టవశాత్తు అప్పటికి కారు ఇంటి వాకిట్లోనే ఉంది. మెకానిక్కు నూకరాజుకు కబురు పెట్టాను. అతను ఇరవై ఏళ్లుగా పెద్దాయన వైద్యుడు. కారు కిందికి దూరి, అరగంట తర్వాత చేతిలో ఒక గొట్టం ముక్కతో బయటికి వచ్చాడు.

"మాస్టారూ, ఇంజను రాయినాగ ఉన్నాది. బ్రేకు పైపులే సచ్చిపోనాయి" అన్నాడు. ఆ ముక్కను రెండు వేళ్ల మధ్య పెట్టి వంచాడు. టప్పున విరిగింది. "సూసినారా? సముద్రం గాలి తినీసింది. మీరు తొక్కిన బలం ఆయిలై ఈ గొట్టంలోంచే చక్రం దాకా ఎల్లాల. ఇదే ఇరిగిపోతే ఇంక మీరు తొక్కీది ఒట్టి రేకు."

"మరి కొత్తవి వేసెయ్యి."

"ఏటి వెయ్యమంటారో సెప్పండి. ఇనప పైపు ఏత్తే పుట్టినప్పుడు ఉన్నదే ఏసినట్టు. గాని ఈ గాలికి మళ్లీ నాలుగేళ్లకి ఇదే కత. ఒట్టి రాగి పైపు కొందరు ఏత్తారు. అది వొద్దు. మెత్తన. బండి అదురుకి ఎక్కడో ఒకకాడ సీలిపోద్ది. రాగీ నికెలూ కలిపిన పైపు ఉన్నాది. తుప్పు పట్టదు, సేత్తో వంగుద్ది. నా మనవడి పెళ్లి దాకా ఉంటాది."

"మీ మనవడికి ఎన్నేళ్లు?"

"ఇంకా పుట్టనేదు."

ఆ మాట నాకు నచ్చింది. కలిపిన పైపే వెయ్యమన్నాను. నూకరాజు పాత పైపులన్నీ విప్పి, ఏ వంపు ఎక్కడిదో చూసుకోవడానికి అరుగు మీద వరసగా పేర్చాడు. చేతిబ్రేకు ఎప్పుడో పోయింది కాబట్టి, కారు జారకుండా వెనక చక్రం కింద, మా ప్రహరీ కట్టగా మిగిలిన ఇటుక ఒకటి పెట్టాడు. పైపు తేవడానికి పట్నం వెళ్లి మూడు రోజుల్లో వస్తానన్నాడు.

రెండోరోజు వారసత్వ వాహన పరిరక్షణ ప్రాధికార సంస్థ వచ్చింది.

సంస్థ అంటే ఒక్క మనిషే. చంకలో లావుపాటి రిజిస్టరు, జేబులో భూతద్దం, నడుముకు కొలత టేపు. నన్ను చూడగానే వంగి కాళ్లకు దండం పెట్టాడు. అప్పుడు గుర్తుపట్టాను. వెంపరాల సత్యశీలరావు, నా శిష్యుడే. తొమ్మిదో తరగతిలో కుండ గీయమంటే కుండమీద వాలిన ఈగను కూడా గీసినవాడు. "ఉన్నది ఉన్నట్టు గీయడం వీడి దగ్గర నేర్చుకోండి" అని నేను క్లాసు మొత్తానికీ ఆ బొమ్మ చూపించాను. ఆ రోజు నోరు మూసుకుని ఉండవలసింది.

"మాస్టారూ, మీ అధీనమందున్న యాంత్రిక వారసత్వ సంపదను జాబితాలో నమోదు చేయుటకు వచ్చియున్నాను" అన్నాడు.

"మంచిదే నాయనా, కాఫీ తాగు."

"విధి నిర్వహణలో కాఫీ నిషిద్ధం. నమోదు ముగిసిన పిమ్మట తాగెదను."

కారు చుట్టూ తిరిగాడు. తలుపులు లెక్కపెట్టాడు, అద్దాలు లెక్కపెట్టాడు, బంపరు మీద సొట్టలకు కూడా కొలతలు తీసుకున్నాడు. వెనక సీట్లో మా పిల్లి నిద్రపోతోంది. దాన్ని కూడా రాసేస్తాడేమోనని విశాలాక్షి గబగబా కుంటుకుంటూ వచ్చి పిల్లిని ఎత్తుకుని లోపలికి పోయింది. తర్వాత ముందు చక్రం దగ్గర వంగి, భూతద్దంతో చూసి, రాస్తూ పైకి చదివాడు.

"బ్రేకు పైపులు: లేవు."

"అయ్యో, విప్పి పెట్టారు నాయనా. అవిగో, అరుగు మీద ఉన్నాయి."

"అరుగు వాహనములో భాగము కాదు మాస్టారూ."

"రేపో ఎల్లుండో కొత్తవి వేస్తారు."

"రేపు జరుగబోవునది రేపటి చరిత్ర. మా నిబంధన తొమ్మిది ప్రకారం యథాతథ స్థితియే ప్రమాణం. ఉన్నది ఉన్నట్టు రాయుమని మీరే కదా నేర్పితిరి." వెనక చక్రం దగ్గరికి వచ్చాడు. "ఇది ఏమిటి?"

"ఇటుక."

"దీని ప్రయోజనం?"

"కారు కిందికి జారకుండా ఆపుతుంది."

అతని ముఖం వెలిగింది. ఇటుకను మూడువైపులా కొలిచి రాసుకున్నాడు. "వాహన నిరోధక పరికరము, ఒకటి. మృత్తికా నిర్మితము. స్వదేశీ పరిజ్ఞానము." ఆ తర్వాత ఇటుక మీద తెల్లరంగుతో ఏడు అని జాబితా అంకె వేశాడు. కారుకు ఇత్తడి బిళ్ల బిగించాడు. జాబితా తేదీ నుంచి వాహనంలో ఏ భాగాన్ని చేర్చినా తీసినా సంస్థ ఆ వాహనాన్నే స్వాధీనం చేసుకుని రోలరు పక్కన పెడుతుందని కాగితం చేతికిచ్చి, కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. మంచి కుర్రాడే.

మూడోనాడు నూకరాజు కొత్త పైపు చుట్టను భుజాన వేసుకుని వచ్చాడు. సంగతంతా విన్నాడు. ఇటుక మీది అంకెను చాలాసేపు చూశాడు.

"అయితే ఇంక బ్రేకు ఎయ్యకూడదేటి?"

"వేస్తే కారు పట్టుకుపోతారు."

"ఎయ్యకపోతే కారే మిమ్మల్ని పట్టుకుపోద్ది" అన్నాడు నూకరాజు.

అనుమతి కోసం నేను సంస్థ ఆఫీసుకు వెళ్లాను. ఆటోలో వెళ్లాను. సత్యశీలరావు లేచి నిలబడి కుర్చీ వేశాడు కాని, దరఖాస్తు చదివాక కూర్చున్నాడు.

"లేని భాగమును అమర్చుట మార్పు కిందికి వచ్చును మాస్టారూ."

"పోనీ పాత పైపులే తిరిగి పెట్టించుకుంటాను. అవి దానితోపాటు పుట్టినవే కదా."

"జాబితా తేదీ నాటికి అవి వాహనములో లేవు. చరిత్ర జాబితా తేదీ నుండియే ప్రారంభమగును."

"బ్రేకు లేకుండా కారు ఎలా నడపను?"

"నడుపుటకు మాకు అభ్యంతరము లేదు."

"ఆపడానికి?"

"ఆపుటకు ఇటుక ఉన్నది కదా. ఏడవ నెంబరు." గొంతు తగ్గించాడు. "మాస్టారూ, ఆ ఇటుక విషయమున సంస్థ మిక్కిలి ఉత్సాహముతో ఉన్నది. నిపుణుల సంఘమును కూడా నియమించిరి."

సంఘంలో ముగ్గురు. ఒకాయన శాసనాల పండితుడు, ఒకాయన చేపల శాఖలో రిటైరైన వారు, మూడో ఆయన ఎవరో ఎవరికీ తెలియదు. ముగ్గురూ మా ఇంటికి వచ్చి, ఇటుకను తాకి, వాసన చూశారు. ఒకాయన నాలుకతో కూడా చూశాడు. అది వాహనానికి సమకాలీనమని నివేదిక ఇచ్చారు. కిందటేడు మా ప్రహరీ కట్టిన మేస్త్రి అప్పలస్వామిని సాక్ష్యానికి తీసుకువెళ్లాను. సాక్షి వయసు నలభై ఐదేళ్లే కాబట్టి 1956 గురించి చెప్పడానికి అతనికి అర్హత లేదన్నారు.

పెద్దాయన వాకిట్లో ఉండిపోయాడు. విశాలాక్షి రెండు గురువారాలు ఆసుపత్రికి వెళ్లలేదు. మూడో గురువారం ఆటోలో వెళ్లి, వచ్చాక నాలుగు రోజులు మంచం దిగలేదు. నాకు కోపం వచ్చింది, ఎవరిమీద వచ్చిందో మాత్రం తెలియలేదు. ఆ ఈగను మెచ్చుకున్న డ్రాయింగు మాస్టారు మీద కూడా వచ్చింది.

అంతలో రెండో కాగితం వచ్చింది. వారసత్వ దినోత్సవం నాడు జిల్లాలోని పాతకార్లన్నీ లైట్‌హౌస్ రోడ్డు మీద పైనుంచి కిందిదాకా ఊరేగాలి. "స్వదేశీ నిరోధక పరికరము గల ఏకైక వాహనము" కాబట్టి మా కారు అన్నిటికంటె ముందు నడవాలి. అందులో సంస్థ కమిషనరు జగదానందం గారు ఆసీనులవుతారు. నడపను అంటే అది నడవని వాహనం కిందికి వస్తుంది. నడవని వాహనాల చోటు రోలరు పక్కన.

ఆ సాయంత్రం నేను వాకిట్లో నిలబడి రోడ్డు వంక చూశాను. నలభై ఏళ్లుగా దిగుతున్న రోడ్డే. కింద రాతిగోడ, దాని అవతల నీళ్లు తళతళా మెరుస్తున్నాయి. నిజం చెప్పడానికి సిగ్గెందుకు, చాలా భయపడ్డాను.

"బయటపడే దారి ఒకటే ఉంది. కారు వాళ్లకి ఇచ్చేద్దాం" అన్నాను విశాలాక్షితో.

ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "ఇచ్చేస్తే నేను ఈ గుమ్మంలో కూర్చుని ఆ సముద్రాన్ని ఎన్నాళ్లు చూడమంటారు?" అంది. "ఇవ్వద్దు. మీరు నడపండి. నేనూ ఎక్కుతాను."

"నీకేమైనా మతిపోయిందా?"

"బ్రేకు లేకుండా ఎక్కుతానన్నానా? నూకరాజుని రమ్మనండి."

ఆదివారం మధ్యాహ్నం ఊరంతా భోంచేసి పడుకున్న వేళ నూకరాజు వచ్చాడు. కొత్త పైపును పాత పైపుల పక్కన పెట్టి, అదే వంపు, అదే పొడవు వచ్చేలా చేత్తో వంచాడు. చివరలు గరాటు నోరులా విప్పి, మర బిగించాడు. చక్రాల దగ్గర రబ్బరు గొట్టాలు కూడా లోపల ఉబ్బిపోయాయని వాటినీ మార్చాడు. చివరికి ఆయిలు పోశాక లోపల చిక్కిన గాలి తియ్యాలన్నాడు. దానికి ఇంకో మనిషి కావాలి. నేను పక్కన బల్బు పట్టుకుని ఉన్నాను. విశాలాక్షి డ్రైవరు సీట్లో కూర్చుంది.

"తొక్కండి అమ్మగోరూ. తొక్కండి. తొక్కండి. ఇంక అలగే పట్టుకోండి."

"పట్టుకున్నా."

"వొదలండి. మళ్లీ తొక్కండి."

మెట్టు ఎక్కలేని మోకాళ్లతో ఆవిడ గంటసేపు తొక్కింది. నొప్పి ఉందా అంటే ఉందని చెప్పింది, మానెయ్యమంటే మాననంది. చివరికి పెడలు గట్టిపడింది. "ఆగుతుందండీ!" అని సీట్లోంచే అరిచింది. కారు కదలనే లేదు, అయినా ముగ్గురం తెగ సంతోషపడ్డాం.

నూకరాజు కొత్త పైపుల మీద గ్రీజూ మట్టీ కలిపి పూశాడు. ఇటుకను తిరిగి చక్రం కింద పెట్టాడు. "ఇంక బయం నేదు. బండి కింద దూరి సూసే ఆఫీసరు ఇంకా పుట్టనేదు" అన్నాడు.

వారసత్వ దినోత్సవం వచ్చింది. సన్నాయి, డప్పులు, స్కూలు పిల్లల వరసలు. కమిషనరు జగదానందం గారు జరీ తలపాగాతో వెనక సీట్లో మా ఆవిడ పక్కన సర్దుకున్నారు. ఇటుక కోసం ప్రత్యేకంగా ఒక అటెండరును వేశారు. అతని హోదా "ఇటుక వాహకుడు". ఎర్ర మఖమలు దిండు మీద ఇటుక పెట్టుకుని, ఇటుకకు చేమంతుల దండ వేసి, కారు వెనకాల నడవాలి. కారు ఆగవలసి వచ్చినప్పుడు ముందుకు వచ్చి చక్రం కింద పెట్టాలి. సత్యశీలరావు రిజిస్టరుతో అతని పక్కన నిలబడ్డాడు.

"ఈ వాహనం మన జాతి ఆత్మవిశ్వాసానికి ప్రతీక" అన్నారు కమిషనరు గారు మైకులో. "పాశ్చాత్యులు బ్రేకు కనిపెట్టారు. మనకు అవసరం రాలేదు."

చప్పట్లు కొట్టారు. నేను మొదటి గేరు వేశాను.

మొదటి మలుపు దాకా బాగానే సాగింది. ఇంజను పట్టు మీదనే దిగుతున్నాను. బ్రేకు లేనట్టు కనిపించాలి కాబట్టి పెడలు మీద కాలు ఆనించి ఉంచానే కాని తొక్కలేదు. ఇటుక చుట్టూ జనం మూగారు. ఫోటోలు తీసుకునే వాళ్లు, దండం పెట్టే వాళ్లు, దానిమీద పసుపు చల్లే వాళ్లు. ఇటుక వాహకుడు మొదటి మలుపు దగ్గరే చిక్కుకుపోయాడు. కారు రెండో మలుపు తిరిగింది. రోడ్డు ఒక్కసారిగా దిగిపోయింది. కమిషనరు గారు వెనక్కి చూశారు. ఇటుక లేదు. ముందుకు చూశారు. గోడ ఉంది.

"మాస్టారూ, ఆపండి" అన్నారు.

కిందికొస్తున్న కొద్దీ కారు వేగం పెరిగింది.

"ఆపండి!"

రేవు దగ్గర రోడ్డు మధ్యలో ఒక ముసలమ్మ చేపల గంప నెత్తిమీంచి దించుకుంటోంది. సన్నాయి మోతలో ఆమెకు కారు చప్పుడు వినపడలేదు.

"ఆపు!" అని కమిషనరు గారు లేచి నిలబడబోయి తలపాగా పైకప్పుకు కొట్టుకుని కూలబడ్డారు. ఆ క్షణంలో నేను నిబంధన తొమ్మిదిని మర్చిపోయి బలంగా తొక్కాను. పెద్దాయన ముక్కు కిందికి దించి, టైర్లు కీచుమనిపించి, గంపకు మూరెడు దూరంలో ఆగాడు.

ముసలమ్మ వెనక్కి తిరిగి చూసింది. "ఏటి బాబూ, పండగ సేస్తన్నారా, పిండం పెట్టేద్దామనా?" అంది. గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. వెనక సీట్లోంచి విశాలాక్షి నా భుజం మీద చెయ్యి వేసింది.

సత్యశీలరావు పరుగెత్తుకుంటూ వచ్చాడు. చక్రాల కింద చూశాడు. రొప్పుతూ రిజిస్టరు తెరిచాడు.

"ఇటుక మొదటి మలుపు వద్ద ఉన్నది. మరి వాహనము ఎట్లు ఆగినది?"

కమిషనరు గారు వంకరపోయిన తలపాగా సర్దుకున్నారు.

మర్నాడు నోటీసు వచ్చింది. "జాబితా ప్రకారము ఆగుటకు ఎట్టి సాధనమును లేని వాహనము, ఏడవ నెంబరు పరికరము గైర్హాజరులో, ఉదయము పది గంటల నలభై రెండు నిమిషములకు ఆగియున్నది. ఇట్లు ఆగుట వారసత్వ స్థితికి విరుద్ధము. మీరేల ఆగితిరో, మీ వాహనమును స్వాధీనపరచుకొనరాదనుటకు గల కారణమేమో వారము దినములలో తెలుపవలెను."

ఒక మనిషిని చంపనందుకు సంజాయిషీ అడగడం నా జీవితంలో మొదటిసారి చూశాను. నూకరాజు వచ్చి, పైపులు విప్పేస్తానన్నాడు. విశాలాక్షి వద్దంది. నోటీసు రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని కాగితం తెమ్మంది. ఆవిడ ముప్ఫై ఏళ్లు తాలూకా ఆఫీసులో సెక్షను చూసిన మనిషి.

"వాళ్లకి నిజం అక్కర్లేదండీ" అంది. "ఫైలు మూయడానికి ఒక వాక్యం కావాలి. అది మనం ఇవ్వాలి."

ఆవిడ రాసింది నాలుగు వాక్యాలే. కమిషనరు గారు వాహనమందు ఆసీనులై ఉండగా దాన్ని నిలుపుదల చేయవలసిందని మూడు పర్యాయములు మౌఖికముగా ఆదేశించారు. మూడవ ఆదేశముపై వాహనము నిలిచినది. అనేకమంది ప్రజలు విన్నారు. ఉన్నతాధికారి ఆదేశమును వారసత్వ వాహనము పాటించరాదని నిబంధన ఉన్నచో తెలియజేయ ప్రార్థన.

విచారణ కమిషనరు గారి గదిలో జరిగింది. విశాలాక్షి, నేను ఒకవైపు, సత్యశీలరావు ఒకవైపు. కమిషనరు గారు ఆ నాలుగు వాక్యాలూ చాలాసేపు చదివారు.

"నేను మూడుసార్లు అన్నానా?"

"అన్నారండి" అంది విశాలాక్షి. "మూడోసారి మీ గొంతులో అధికారం బాగా వినిపించింది."

"వెంటనే ఆగిందా?"

"అక్కడికక్కడే ఆగిందండి."

ఆయన కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నారు. సత్యశీలరావు లేచి, "అయ్యా, ఒక్కమారు వాహనము కిందికి దూరి పరిశీలించినచో" అన్నాడు.

"ఏం పరిశీలిస్తావయ్యా? అది నా మాటకు ఆగిందా లేదా అన్నది కారు కింద దూరితే తెలుస్తుందా?" అన్నారు కమిషనరు గారు. "ఇక్కడ ఉన్నది మాట. మాట కారు కింద ఉండదు."

ఫైలు మూసేశారు. కారు నాది అయింది. మేం ఆ గురువారం ఆసుపత్రికి పెద్దాయనలోనే వెళ్లాం. కథ అక్కడితో ముగిసేదే కాని, కమిషనరు గారికి తన గొంతు మీద నమ్మకం కలిగింది.

పదిహేను రోజుల్లో సర్క్యులరు వెలువడింది. జిల్లాలోని పంతొమ్మిది వారసత్వ వాహనాలనూ ఇకమీదట మౌఖికాదేశం ద్వారానే నిలుపుదల చేయాలి. యాంత్రిక బ్రేకులు ఏకరూపతకు భంగం కాబట్టి వాటిని విప్పి పెట్టెల్లో భద్రపరచాలి. ఆగమని ఆదేశించడానికి ప్రతి వాహనంలోనూ ఒక అధికారి కూర్చోవాలి. ఉగాదికి మళ్లీ ఊరేగింపు. ఇటుక ఇక అవసరం లేదు కాబట్టి దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి కాపలా వేశారు.

అధికారులకు వారం రోజులు శిక్షణ ఇచ్చారు. మున్సిపల్ ఆఫీసు వెనక ఒక్కొక్కరూ రోడ్డు రోలరు ఎదురుగా నిలబడి, ఛాతీ విరిచి, "ఆగు!" అనాలి. రోలరు ప్రతిసారీ ఆగే ఉంది. పంతొమ్మిది మందీ మొదటి తరగతిలో ఉత్తీర్ణులయ్యారు. కమిషనరు గారు స్వయంగా సర్టిఫికెట్లు పంచారు.

ఆ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం పెద్దాయనకు ఆయిలు చూపించుకుందామని, నేనూ విశాలాక్షీ రెండో మలుపు దగ్గరున్న నూకరాజు షెడ్డుకు వెళ్లాం. షెడ్డు ముందు వాలు మీద వరసగా పాతకార్లు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్క కారు పక్కన ఒక్కొక్క ఆఫీసరు, నెత్తిన రుమాలు కప్పుకుని, ఎవరినీ గుర్తుపట్టనట్టు ఆకాశం చూస్తున్నాడు. నూకరాజు భుజాన పైపు చుట్ట వేసుకుని ఒక్కో కారు కిందా దూరి వస్తున్నాడు. "మాస్టారూ, వరసలో రండి. మీది పన్నెండోది" అన్నాడు.

పదకొండో కారు దగ్గర సత్యశీలరావు ఉన్నాడు.

నన్ను చూసి తల దించుకున్నాడు. "రాసినది రాసినదే మాస్టారూ" అన్నాడు మెల్లగా. "కాని నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ఐదో తరగతి." అతను బడి వదిలాక అతని నోట పుస్తకం భాష కాకుండా మామూలు మాట వినడం నాకు అదే మొదటిసారి. పాపం అనిపించింది. "నూకరాజు గారూ, ఏ పైపు మంచిది?" అని అడిగాడు.

"ఇనపదైతే తుప్పు. ఒట్టి రాగి సీలిపోద్ది. కలిపినదే ఏసుకోండి. పైకి మట్టి పూసెత్తాను. బండి కింద దూరి సూసే ఆఫీసరు ఇంకా" అని నూకరాజు ఆగిపోయాడు.

సత్యశీలరావు అప్పటికే చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, భూతద్దం పట్టుకుని కారు కిందికి దూరుతున్నాడు.

"ఓ బాబూ, ఉండండి! బండి గేరు మీదే నిలబడ్డాది, జారిపోద్ది!" అని నూకరాజు అరిచాడు. చక్రం కింద పెట్టడానికి అటూ ఇటూ వెతికాడు. షెడ్డులో ఇటుకలూ రాళ్లూ అన్నీ ముందొచ్చిన కార్ల కింద ఉన్నాయి.

కారు కిందినుంచి సత్యశీలరావు చెయ్యి బయటికి వచ్చింది. "నా సంచిలో రిజిస్టరు ఉంది. పెట్టండి" అన్నాడు.

పెట్టాం. లావుపాటి రిజిస్టరు, అట్ట కూడా గట్టిది. చక్రం దానిమీదికి కొంచెం ఒరిగి నిలబడింది.

పైపులు బిగించాక, విశాలాక్షి డ్రైవరు సీట్లో కూర్చుంది. నూకరాజు చెప్పినట్టు తొక్కింది, పట్టుకుంది, వదిలింది. సత్యశీలరావు ఒక్కొక్క మరనూ భూతద్దంతో చూస్తూ కారు కిందే ఉన్నాడు. పావుగంట గడిచింది. అంత పట్టుగా చూసేవాణ్ణి నా సర్వీసులో ఇంకెవర్నీ ఎరగను.

"మాస్టారూ!" అని కేకేశాడు కిందినుంచి. "కుడిపక్క వెనక చక్రం దగ్గర జాయింటు చెమ్మగా ఉంది. ఆయిలు కారుతోంది."

నూకరాజు వేలు పెట్టి చూశాడు. నిజమే. అతని కంటికి అందనంత సన్నటి చెమ్మ.

"ఉన్నది ఉన్నట్టు చెప్పావు నాయనా" అన్నాను. "బిగించేదాకా బయటికి రాకు."